అమ్మమ్మ ఉందిగా!

2025 డిసెంబర్‌లో రెండు రోజుల వర్క్‌షాపుకి విజయవాడ వెళ్ళాను. చర్చనీయాంశం స్త్రీల లెక్కకు రాని శ్రమ. రెండో రోజు ఉదయం నేను మాట్లాడాలి. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ఒక పాత మిత్రురాలు "చిన్నపిల్లల తల్లివి, ఎలా వచ్చావు?" అని అడిగింది. "అమ్మమ్మ ఉందిగా" అన్నాను. "అదృష్టవంతురాలివి" అంది. మర్నాడు బాగా మాట్లాడానని అందరూ అన్నారు. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే అంకెలు బోర్డు మీద రాశాను. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసేవాళ్ళలో స్త్రీ రోజుకు 289 నిమిషాలు పెడుతోంది, పురుషుడు 88 నిమిషాలు. ఇద్దరు ముగ్గురు నోట్సులో రాసుకున్నారు.

నేను ఆ అంకెలు రాస్తున్న పూట, కలిగిరి మండలంలోని మా ఊళ్ళో ఒక మనిషి చనిపోయింది. ఆమె మాకు చుట్టం కాదు. మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. పది రోజులుగా మంచంలో ఉందనీ, "చెల్లిని ఒకసారి రమ్మనండి" అని అడుగుతోందనీ అమ్మకు ఫోన్ వచ్చింది. నేను విజయవాడ బయలుదేరడానికి రెండు రోజుల ముందే వచ్చింది. అమ్మ నాతో ఆ మాట చెప్పలేదు. నా సంచిలో మందులూ, చపాతీలూ పెట్టింది. పిల్లలకు దిష్టి తీసింది. నేను తిరిగొచ్చిన మూడోనాడు ఊరి నుంచి ఎవరో ఫోన్ చేసి "అమ్మ రాలేదేంది?" అని నన్ను అడిగితేగానీ నాకు తెలియలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చెప్తే ఏం జేస్తావ్? నువ్వు మీటింగుకి పోవాలంటివి. పిల్లోళ్ళని ఎవురు చూస్తారు మే?" అంది. కోపంగా అనలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు ఇంట్లోనే ఉంది, ఆ పూట పేపరు చదువుకుంటూ. మా ఆయన ఆ రెండు రోజులూ నెల్లూర్లోనే ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. సభల్లో నా పక్కన నిలబడే మనిషి. కానీ పిల్లల్ని ఎవరు చూస్తారన్నప్పుడు ఆయన పేరు అమ్మకు తట్టలేదు, ఆయనకు తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా స్త్రీల హక్కుల గురించి మాట్లాడుతున్న నాకూ తట్టలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఇది సొంత బాధ వెళ్ళబోసుకోవడమని ఎవరికైనా అనిపిస్తే అనిపించనివ్వండి. మన పత్రికలో ఇతరుల ఇళ్ళ గురించి చాలా రాశాం.

ఆ చనిపోయిన పెద్దమ్మ ఎవరో చెప్పాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం చదువులు మొదలయ్యాయి. సీతమ్మ కథ అనే పాఠం చదివి ఆడవాళ్ళు తమ కథలు తాము చెప్పుకోవడం మొదలుపెట్టారు. 1992లో మా మండలంలోని దూబగుంట ఆడవాళ్ళు సారాను ఆపించారు. రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. మా ఊళ్ళో సారా కొట్టు ముందు కూర్చున్నవాళ్ళలో మా అమ్మా, ఆ పెద్దమ్మా ముందు వరసలో ఉన్నారు. చీపురు చేతిలో, కారం పొట్లం కొంగున. వేలం పాటలు ఆపడానికి కలెక్టరాఫీసుకి కూడా వెళ్ళొచ్చారు. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలోనూ, అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మనలో చాలామందికి రాజకీయాల ఓనమాలు అక్కడే. ఆ ఉద్యమం గురించి ఎన్ని పుస్తకాలొచ్చాయో, ఎన్ని పరిశోధనలు జరిగాయో మీకు తెలుసు.

అప్పుడు నాకు ఐదేళ్ళు. అమ్మ సారా కొట్టు ముందు కూర్చున్న రాత్రుళ్ళు నేను మా అవ్వ పక్కలో పడుకున్నాను. (మా పిల్లలు పట్నం పిల్లలు కాబట్టి అమ్మమ్మ అంటారు. మాకు అవ్వే.) మా అవ్వ దగ్గర నేనొక్కదాన్నే కాదు. పెద్దమ్మ కొడుకులిద్దరూ, ఎదురింటి పిల్లా, పాలు మరవని ఇంకొకడూ, అందరినీ ఆ వసారాలో చేర్చి సంగటి ముద్దలు మింగించి, కథ చెప్పి పడుకోబెట్టేది. పాలబిడ్డ గుక్కపెడితే తల్లి దగ్గరికి, అంటే సారా కొట్టు దగ్గరికి, చీకట్లో మోసుకుపోయి పాలిప్పించుకుని తెచ్చేది. ఆ రాత్రుళ్ళ గురించి మా అమ్మను ఇంటర్వ్యూ చేసినవాళ్ళున్నారు. మా అవ్వను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే ఆమె ఏం చెప్పేదో కూడా నాకు తెలియదు. "పిల్లల్ని చూసుకున్నా" అనేదేమో, అంతకు మించి ఆమెకు మాత్రం ఏం మాటలు నేర్పాం? ఉద్యమం గెలిచింది, మేం గెలిచాం. మా అవ్వ వసారా మాత్రం ఉద్యమ చరిత్రలోకి రాలేదు.

ఇప్పుడు మా అమ్మ ఆ వసారాలోకి వచ్చి కూర్చుంది. తేడా ఏమిటంటే, అవ్వ చుట్టూ ఊరుంది. అమ్మ చుట్టూ మూడో అంతస్తులో రెండు గదులున్నాయి.

ఆమె రోజు ఎలా గడుస్తుందో నేను మొన్నటి దాకా గమనించలేదు. వర్క్‌షాపు నుంచి వచ్చాక ఒక ఆదివారం కూర్చుని రాశాను, సర్వే చేసినట్టు. ఐదున్నరకు లేస్తుంది. పాలు కాస్తుంది, రాత్రి నానబెట్టిన పిండి రుబ్బుతుంది. ఆరున్నరకు పెద్దది లేస్తుంది, దానికి నీళ్ళు పోసి, రెండు జడలేసి, "జడ బిగుతుగా ఉంది", "వదులుగా ఉంది" అన్న తగాదా తీర్చి, డబ్బా కట్టి, వ్యాను ఎక్కించడానికి మూడంతస్తులు దిగుతుంది. చిన్నవాడికి రెండున్నర ఏళ్ళు, కిందికి వెళ్ళాలంటే వాడూ వస్తానంటాడు, కాబట్టి వాడు చంకలో. పన్నెండు కిలోలు. నేను తూచాను. తర్వాత వాడికి పిట్టగోడ దగ్గర కాకుల్ని చూపిస్తూ అన్నం. ఒక్కో ముద్దకూ ఒక్కో పేరు, ఇది తాతది, ఇది మేనమామది, ఇది ఊళ్ళో కుక్కది. కుక్క ముద్ద మాత్రం వాడు మారుమాట లేకుండా మింగుతాడు. పదకొండుకు బట్టలు డాబా మీద ఆరేయడం. మధ్యాహ్నం వాడు నిద్రపోతే ఆమెకు అరగంట. వాడి గుప్పిట్లో ఆమె కొంగు ఉంటుంది కాబట్టి లేవడానికి లేదు, పక్కకు తిరగడానికి లేదు. అది విశ్రాంతి అని నేను అనుకునేదాన్ని. మూడున్నరకు మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. ఆమెకు 63 ఏళ్ళు. కుడి మోకాలు అరిగిందని డాక్టరు చెప్పి ఏడాదిన్నర అయింది. "మెట్లు తగ్గించండి" అన్నాడు. అందరం తల ఊపాం.

ఒకటో తారీఖున ఆమె తన వితంతు పింఛను కోసం ఊరికి వెళ్తుంది. 2024 జూలై నుంచి అది 4,000 అయింది. పొద్దున్నే కలిగిరి బస్సెక్కి సాయంత్రం బస్సుకి తిరిగొస్తుంది, చాలాసార్లు చిన్నవాణ్ణి వెంటబెట్టుకునే. నెలలో ఆమెకున్న సెలవు అదే. ఆ డబ్బులో సగం రంగు పెన్సిళ్ళుగా, జామకాయలుగా మా ఇంటికే వచ్చేస్తుంది. సంస్థ వాళ్ళు మా ఆరోగ్య బీమా ఫారం నింపమన్నప్పుడు "ఆధారపడినవారు" అన్న గడిలో ఆమె పేరు రాసింది నేనే. మన గ్రామ సర్వే ఫారాల్లో కూడా ఇదే గడి ఉంటుంది. ముసలమ్మల్ని పసిపిల్లలతో కలిపి ఆ గడిలో పడేస్తాం. మా ఇంట్లో ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారో మా చిన్నవాడిని అడిగినా చెప్తాడు.

ఇక్కడ మీరు ఆపుతారని తెలుసు. వర్క్‌షాపు తర్వాత నేను ఈ సంగతులు చెప్పినప్పుడు మా జిల్లా సంఘంలోనే ముగ్గురు ఆపారు. "పిల్లలంటే ఆమెకు ప్రాణం కదా! మనవల్ని చూసుకోవడం కూడా దోపిడీయేనా? ప్రేమకు ఖరీదు కడతావా?" అన్నారు. ఒకామె ఇంకాస్త ముందుకెళ్ళి, "పడమటి దేశాల్లో ముసలివాళ్ళని ఆశ్రమాల్లో పడేస్తారు, మనకు ఆ గతి లేనందుకు సంతోషించు" అంది.

అవును, ప్రాణమే. వాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది నేను కాదు, ఆమె. పెద్దది బడిలో నేర్చుకున్న మాటలన్నీ ముందు చెప్పేది ఆమెకే. ఆ ముగ్గురూ నవ్వుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి నేను అసూయ పడ్డ సాయంత్రాలున్నాయి. ఈ ప్రేమను నేను కాదనడం లేదు, కాదనేవాళ్ళతో నాకు పేచీ. కానీ ఒక్కటి ఆలోచించండి. భార్య ఇంటిపని గురించి మనం 40 ఏళ్ళ క్రితం మాట్లాడినప్పుడు మగవాళ్ళు మనతో అన్నదేమిటి? "ప్రేమతో చేసే పనికి లెక్కలేమిటి?" అనే కదా! ఆ మాట విని మనం ఎంత మండిపడ్డాం! అదే మాటను ఇప్పుడు మనం మన తల్లుల వైపు తిప్పి వాడుతున్నాం. ప్రేమ ఉండటం, ఆ పని చేయనని చెప్పే వీలుండటం రెండూ వేరు. మా అమ్మకు పిల్లల మీద ప్రేమ ఉంది. చావుబతుకుల్లో ఉన్న స్నేహితురాలిని చూడటానికి రెండు రోజులు వెళ్ళొస్తానని చెప్పే వీలు లేదు. ఆ వీలు లేకుండా చేసింది ఆమె ప్రేమ కాదు, మేం.

"నీకు నెలకు ఇంతని ఇస్తానమ్మా" అని కూడా ఒకసారి అన్నాను. నా ముఖం వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆమెకు ఆ మాట అవమానంగా తోచింది. ఆమె తప్పేం లేదు, డబ్బిచ్చి నోరు మూయించాలనుకోవడం నా తెలివితక్కువతనం. నేను ఇవ్వాల్సింది డబ్బు కాదు, సెలవు. సెలవు ఇవ్వాలంటే ఆమె స్థానంలో నిలబడేది ఎవరో ముందు తేలాలి. ఆ ఎవరో లేకుండా చేసినవాళ్ళ గురించే నా తగువంతా.

చట్టాలు చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలుంటే పిల్లల గది ఉండాలంది. 30 మందితో ఆపేసే యజమానులు మనకు కొత్తేమీ కాదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, సెలవును 26 వారాలకు పెంచి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. తల్లి! తండ్రి మాట ఆ సవరణలో లేదు. 2020 సాంఘిక భద్రతా స్మృతి ఆ 50 మంది లెక్కనే మళ్ళీ రాసుకుంది. 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. మన సభ్యుల్లో బట్టల షాపుల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, బడుల్లో పనిచేసేవాళ్ళు వందల్లో ఉన్నారు. మీ పనిచోట క్రెష్ ఉందా అని నేను అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా ఉందని చెప్పలేదు. "మరి పిల్లల్ని?" అంటే అందరిదీ ఒకటే జవాబు. అమ్మ ఉంది, అత్త ఉంది. యజమానిని ఆ గది అడిగే అవసరమే రాలేదు. యజమాని కట్టాల్సిన గది అమ్మమ్మ మోకాళ్ళ మీద కట్టుకున్నాం.

పల్లెల్లోనూ ఇంతే. 2005 ఉపాధి హామీ చట్టం, పనిచోటుకి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువో వస్తే వాళ్ళను చూడటానికి ఒక స్త్రీని పెట్టి కూలి ఇవ్వాలని రాసింది. మేం కలిగిరి, కొండాపురం వైపు తిరిగినన్నాళ్ళూ ఆ ఐదుగురి లెక్క దాదాపు ఎక్కడా తేలలేదు. ఎందుకని అడిగితే, "పిల్లలు రారు మేడం, ఇళ్ళలో అవ్వలున్నారు" అనేవాళ్ళు. అవ్వ పుణ్యాన చట్టంలోని కూలి ఒకటి మిగిలిపోయింది. ఆ అవ్వే పనిచోటుకి వచ్చి పిల్లల్ని చూసి ఉంటే రోజు కూలి దక్కేది. ఇంట్లో చూస్తే ఏమీ లేదు. పిల్లలూ వాళ్ళే, ముసలమ్మా ఆమే.

మూడేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీ అంటే ఇంటికిచ్చే పోషకాహారం, తూకం, టీకాలు. తల్లి పనికి పోయొచ్చేదాకా బిడ్డను ఉంచుకునే చోటు కాదు. 2006లో క్రెష్‌ల పథకం ఒకటి తెచ్చారు, 2017లో పేరు మార్చారు, 2022 నుంచి "పాల్నా" అంటున్నారు. అంగన్‌వాడీతో కలిపి క్రెష్ నడుపుతారట, ఆరు నెలల బిడ్డ నుంచి ఆరేళ్ళ దాకా. మంచి ఆలోచన. మా వార్డులో మటుకు అది లేదు. నడిపేవాళ్ళకు ఇచ్చేది ఏమిటంటే మళ్ళీ గౌరవ వేతనమే. గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ. 2023 డిసెంబర్ 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. అంటే అది అత్యవసర సర్వీసన్నమాట! పసిపిల్లల్ని చూడటం అమ్మమ్మ చేస్తే ప్రేమ, అంగన్‌వాడీ టీచరు చేస్తే సేవ, ఆమె జీతం అడిగితే అప్పుడు మాత్రం అత్యవసరం.

ఇక కోర్టులు. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలను బిచ్చగాళ్ళు, వేశ్యలు, ఖైదీలతో కలిపి పనిలేనివాళ్ళ జాబితాలో పెట్టారని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మనం సంతోషించాం. అంతకు ముందు 2001లో అదే కోర్టు ఇచ్చిన ఇంకొక తీర్పు గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. 1989 మార్చిలో జంషెడ్‌పూర్‌లో ఒక ఉత్సవంలో మంటలు లేచి ఎంతోమంది చనిపోయారు. చనిపోయిన గృహిణుల శ్రమకు విలువ కట్టాల్సి వచ్చింది. 34 నుంచి 59 ఏళ్ళ వయసువాళ్ళకు ఏడాదికి 36,000 రూపాయలన్నారు. 62 నుంచి 72 ఏళ్ళ వాళ్ళకు ముందు 10,000 కట్టి ఉంటే, అది న్యాయం కాదని దయతలచి 20,000 చేశారు. నేనా తీర్పు చదివి అమ్మ వంక చూశాను. ఆమెకు 63. ఆ లెక్క ప్రకారం నాలుగేళ్ళ క్రితం ఆమె విలువ నాతో సమానం, ఇప్పుడు సగంకంటే కాస్త ఎక్కువ. ఆ నాలుగేళ్ళలో ఆమె పని మాత్రం రెండింతలైంది, ఎందుకంటే చిన్నవాడు పుట్టింది ఆ తర్వాతే.

నేను బోర్డు మీద రాసిన సర్వేలో కూడా ఇలాంటిదే ఉంది. ఆరేళ్ళు దాటిన అందరినీ అడిగారు, నిజమే. కానీ పిల్లల్నీ, పెద్దల్నీ చూసుకునే పని గురించి ప్రభుత్వం పత్రికలకు ముందుగా చెప్పిన అంకెలు 15–59 ఏళ్ళవాళ్ళవి. స్త్రీలలో 41 శాతం మంది ఆ పనిలో ఉన్నారు, రోజుకు 140 నిమిషాలు. పురుషుల్లో 21.4 శాతం, 74 నిమిషాలు. నేనూ ఎన్నోసార్లు ఇవే చెప్పాను. 59 దగ్గర గీత గీసినందుకు నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఆ గీతకు అవతల మా అమ్మ వాణ్ణి చంకనేసుకుని మెట్లెక్కుతోంది.

పెద్దల సంరక్షణకు 2007 చట్టం ఉంది కదా అంటారు. ఉంది. అన్నం పెట్టని పిల్లల మీద తల్లి ఫిర్యాదు చేయవచ్చు. నెలకు 10,000కు మించకుండా భరణం ఇప్పించవచ్చు. కానీ అన్నం పెట్టి చాకిరీ చేయించుకునేవాళ్ళ గురించి అందులో మాట లేదు. ఆ చట్టం దృష్టిలో ముసలితనమంటే తీసుకోవడమే, ఇవ్వడం కాదు.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. కడప, రాయచోటి వైపు తల్లులు కువైట్‌లో ఎవరి పిల్లలనో పెంచుతుంటే వాళ్ళ పిల్లల్ని ఇక్కడ అవ్వలు పెంచుతున్నారు. ఆ డాలర్ల ఇళ్ళ సంగతీ తెలుసు మనకు. కూతురి పురుడని అమెరికా వెళ్ళి ఆరు నెలలుండి ఈవిడ వచ్చేస్తే వియ్యపురాలు విమానమెక్కుతుంది. కారు నడపడం రాదు, బయటికి పోలేదు, మంచులో కిటికీ దగ్గర బిడ్డతో కూర్చుంటుంది. ఊళ్ళో మాత్రం "అమెరికా చూసొచ్చింది" అంటారు. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె తల్లి తోపుడు బండి మీద ఆకుకూరలు అమ్మేది. మనవడిని చూడటానికి బండి అమ్మేసింది. మా అమ్మ వదులుకున్నది తీరిక, ఆ తల్లి వదులుకున్నది రోజు సంపాదన. ఆమె కూతురు మా ఇంటికి వస్తేనే మా అమ్మకు ఆ అరగంటైనా దొరుకుతోంది. ఈ గొలుసులో నా జీతం, నా ప్రసంగాలు ఎక్కడ వేలాడుతున్నాయో చూసుకుంటే నాకు సిగ్గేసింది.

క్రెష్‌లో పెడితే ప్రేమ దొరుకుతుందా అని అడిగేవాళ్ళకు ఒకటి చెప్తాను. క్రెష్ వస్తే అమ్మమ్మ మాయమైపోదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా వాణ్ణి మోయడం మానేసి, ఐదింటికి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని కుక్క ముద్ద తినిపిస్తుంది. ఒంట్లో బాగుంటే తినిపిస్తుంది, ఊరెళ్ళాలనుకుంటే వెళ్తుంది.

జనవరిలో మా జిల్లా సంఘం సమావేశంలో నేను మూడు సంగతులు పెట్టాను. మన ప్రతి సమావేశంలోనూ పిల్లల గది ఉండాలి, అందులో జీతమిచ్చి పెట్టిన మనిషితోపాటు సభ్యుల భర్తలు వంతులవారీగా ఉండాలి. 50 మందికి మించి పనిచేసే సంస్థల్లో ఎన్నిటికి క్రెష్ ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. మన సర్వే ఫారాల్లో "ఆధారపడినవారు" గడి తీసేసి, "60 ఏళ్ళు దాటిన స్త్రీలు ఎవరి పిల్లల్ని, రోజుకు ఎన్ని గంటలు చూస్తున్నారు?" అని అడగాలి. రెండోది, మూడోది వెంటనే ఒప్పుకున్నారు. మొదటిదాని మీద గంటన్నర వాదన జరిగింది. "మా ఆయన రాడు", "డబ్బు ఎక్కడిది?", "మా అత్తమ్మ ఏమనుకుంటుంది?" చివరికి ఆరు నెలలు చేసి చూద్దామన్నారు. ఫిబ్రవరి సమావేశంలో పిల్లలు తొమ్మిది మంది, భర్తలు ఇద్దరు వచ్చారు. ఒకాయన మధ్యాహ్నానికి తలనొప్పని వెళ్ళిపోయాడు.

అమ్మ సంక్రాంతికి ఊరెళ్ళింది, చిన్నవాణ్ణి తీసుకోకుండా. పెద్దమ్మ ఇంటికి వెళ్ళి ఆమె కొడుకుల దగ్గర కూర్చుని వస్తానంది. మా ఆయన పది రోజులు సెలవు పెట్టాడు. రెండో రోజు వాడు అన్నం తినలేదు. నాలుగో రోజు జ్వరం. కుక్క ముద్ద మా ఆయనకు తెలియదు, పెద్దది నేర్పించింది. అమ్మకు జ్వరం సంగతి మేం చెప్పలేదు. పదో రోజు ఆమే ఫోన్ చేసింది. "ఇంకో నాలుగు రోజులుండి వొస్తా మే, ఈడ అందరూ ఉండమంటన్నారు" అంది.

నా మర్నాటి ప్రయాణం, ఆయన అయిపోయిన సెలవు, వాడి దగ్గు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "ఉండమ్మా" అన్నాను. వెంటనే అనలేదు. అవతల ఆమె కూడా ఏమీ మాట్లాడకుండా ఆగింది.